2.8 లక్షల ర్యాక్ కొనేముందు, అదురు ఎక్కడి నుంచి వస్తోందో చూడండి

మీరు రాసింది ముందు క్లుప్తంగా చెప్పుకుంటాను. మియాపూర్‌లో పదకొండో అంతస్తు ఫ్లాట్. 15 అడుగులకి 12 అడుగుల హాలు. రెగా ప్లానార్ 3 టర్న్‌టేబుల్ (రికార్డు ప్లేయర్), ట్యూబ్ ప్రీఆంప్, ట్రాన్సిస్టర్ పవర్ ఆంప్, డాక్ (డిజిటల్ పాటని మామూలు సిగ్నల్‌గా మార్చే డబ్బా), స్ట్రీమర్, ఒక్కోటి 28 కిలోల నిలువు స్పీకర్లు రెండు, ఒక సబ్‌వూఫర్ (బాస్‌కి వేరే స్పీకర్). స్ట్రీమింగ్‌లో బాస్ శుభ్రంగా ఉంది. రికార్డు పెట్టి వాల్యూమ్ పెంచితే మాత్రం బాస్ ఉబ్బిపోయి గుమ్మంటోంది, వూఫర్ కోన్లు (బాస్ స్పీకర్ల ముందు కదిలే గిన్నెలు) లోపలికీ బయటికీ ఊగుతున్నాయి. డీలర్ 2.8 లక్షల ర్యాక్ (డబ్బాలు పెట్టే అరల స్టాండ్), దాని మీదికి 90 వేల ప్లాట్‌ఫామ్ (టర్న్‌టేబుల్ కింద అదురు ఆపడానికి పెట్టేది) తీసుకోమంటున్నాడు. తీసుకోవాలా?

ఇప్పుడే వద్దు. ఆ ర్యాక్ మంచిది కాదని నేను అనడం లేదు. మీరు ఒకటే గొడవ అనుకుంటున్న చోట రెండున్నాయి. గుమ్మనడం ఒకటి, కోన్లు ఊగడం ఇంకొకటి. రెండోదానికి ర్యాక్‌తో చాలాసార్లు సంబంధమే ఉండదు.

నా సంగతి ఒక్క ముక్క. ఫ్యాక్టరీలో టర్బైన్లు, కంప్రెసర్ల వైబ్రేషన్ కొలిచే ఉద్యోగం 24 ఏళ్ళు చేశాను. రికార్డుల పిచ్చి అంతకుముందు నుంచీ ఉంది. కాబట్టి నేను చెప్పేదాంట్లో సగం ఉద్యోగం, సగం ఇంట్లో చేతులు కాల్చుకున్న అనుభవం.

టర్న్‌టేబుల్ ఒక్కదానికే ఇంత సున్నితం ఎందుకో ముందు చూడండి. రికార్డు గాడిలోని సన్నని వివరాలు మైక్రాన్ కంటే చిన్నవి. ముల్లు ఆ కదలికని చదివి పంపే సిగ్నల్‌ని ఫోనో స్టేజి (రికార్డు సిగ్నల్‌ని పెంచే సర్క్యూట్) మామూలు ఎంఎం (మూవింగ్ మాగ్నెట్) కార్ట్రిడ్జ్‌కైతే, అంటే ముల్లు ఉండే చిన్న డబ్బాకైతే, 1 కిలోహెర్ట్జ్ (సెకనుకి వెయ్యి ఊపులు) దగ్గర సుమారు 100 రెట్లు పెంచుతుంది. అదే 20 హెర్ట్జ్ దగ్గరికొచ్చేసరికి ఆర్‌ఐఏఏ ఈక్వలైజేషన్ (రికార్డులకి బాస్ పెంచే ప్రామాణిక సర్దుబాటు) వల్ల ఇంకో 9 రెట్లకు పైగా కలుస్తుంది. అంటే 900 రెట్ల పైమాటే. రికార్డు కోసేటప్పుడు బాస్ తగ్గించి కోస్తారు కాబట్టి వినేటప్పుడు పెంచాలి, తప్పదు. కానీ నేల నుంచి, గాలి నుంచి ముల్లుకి తగిలిన అదురు కూడా ఆ లెక్కలోనే పెరుగుతుంది. ముల్లుకి అది పాటో అదురో తెలియదు కదా. స్ట్రీమర్‌లో ఇలాంటి గొడవ లేదు. అందుకే మీకు ఒకటి శుభ్రంగా, ఒకటి బురదగా వినిపిస్తున్నాయి.

ఇక పరీక్షలు. ఒక ఆదివారం పొద్దున పెట్టుకోండి, రూపాయి ఖర్చు లేదు.

బాస్ ఉబ్బే రికార్డు, ఉబ్బే చోటు ఎంచుకోండి. స్పీకర్లూ సబ్ ఆపేసి, అదే ముక్కని హెడ్‌ఫోన్లో వినండి. ఉబ్బు పోయిందా? అయితే స్పీకర్ శబ్దం తిరిగి ముల్లులోకి దూరుతోంది, అంటే ఫీడ్‌బ్యాక్. హెడ్‌ఫోన్లోనూ ఉబ్బు అలాగే ఉందా? అది రికార్డులోనో, కార్ట్రిడ్జ్ అమరికలోనో ఉంది. అలాంటప్పుడు ఏ ర్యాకూ దాన్ని బాగుచేయదు.

తర్వాత మోటారు ఆపి, కదలని రికార్డు మీద ముల్లు దించండి. వాల్యూమ్ కొద్దికొద్దిగా పెంచండి. చెయ్యి నాబ్ మీదే ఉంచండి, కూత మొదలైతే వెంటనే తగ్గించాలి. మీరు మామూలుగా వినే స్థాయి దాటాక కూడా నిశ్శబ్దంగా ఉంటే మంచిదే. అంతకుముందే హూంకారం మొదలైతే ఫీడ్‌బ్యాక్ ఖాయం. ముల్లు అలాగే ఉంచి, వాల్యూమ్ బాగా తగ్గించి, వేలి కణుపుతో ర్యాక్ పై పలకని, కాలిని, పక్క గోడని మెల్లగా కొట్టి చూడండి. మడమతో నేలని తట్టండి. ఏది కొడితే స్పీకర్లో గట్టిగా 'ధబ్' అంటుందో అదురు ఆ దారిలో వస్తోంది. మూతని కూడా తట్టండి. చాలా ఇళ్ళలో దొంగ ఆ యాక్రిలిక్ మూతే. గాలిలోని బాస్‌ని తెరచాపలా పట్టి కీళ్ళ గుండా ప్లింత్‌లోకి (టర్న్‌టేబుల్ అడుగు పలకలోకి) దింపుతుంది. ఒకసారి పూర్తిగా తీసేసి వినండి.

కోన్ల ఊపుకి వేరే పరీక్ష. ఊపు సెకనుకి ఒకటి రెండుసార్లు, రికార్డు తిరుగుడుతో పాటు వస్తుంటే అది వంకర రికార్డు. నిమిషానికి 33⅓ చుట్లు అంటే సెకనుకి 0.56 చుట్లు. వంకర వల్ల పుట్టే కదలికలు ఎక్కువగా అక్కడి నుంచి 5 హెర్ట్జ్ దాకా ఉంటాయి. టోన్‌ఆర్మ్ (కార్ట్రిడ్జ్‌ని మోసే కడ్డీ), కార్ట్రిడ్జ్ కలిసి ఊగే సహజ ఫ్రీక్వెన్సీ దానికి దగ్గరైతే ఊపు రెట్టింపవుతుంది. లెక్క చిన్నదే: ఆర్మ్ ఎఫెక్టివ్ మాస్ (కదిలేటప్పుడు ముల్లుకి తగిలే ఆర్మ్ బరువు), కార్ట్రిడ్జ్, స్క్రూల బరువు గ్రాముల్లో కూడండి, కంప్లయెన్స్‌తో (ముల్లు ఎంత మెత్తగా కదులుతుందో చెప్పే అంకెతో) గుణించండి, వర్గమూలం తీసి 159ని దానితో భాగించండి. మొత్తం 18 గ్రాములు, కంప్లయెన్స్ 15 అయితే 9.7 హెర్ట్జ్. 8 నుంచి 12 మధ్య ఉంది కాబట్టి చక్కగా ఉన్నట్టు. అదే ఆర్మ్‌కి కంప్లయెన్స్ 30 ఉన్న కార్ట్రిడ్జ్ తగిలిస్తే 6.8కి పడిపోతుంది, వంకర రికార్డు పెట్టగానే కోన్లు నాట్యం చేస్తాయి. జపాన్ కార్ట్రిడ్జ్‌ల కాగితంలో కంప్లయెన్స్ 100 హెర్ట్జ్ దగ్గర కొలిచి ఇస్తుంటారు. అది చూస్తే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు వేసుకోండి, లేకపోతే లెక్క తప్పుతుంది. ఈ గొడవకి మందు సరైన కార్ట్రిడ్జ్, కాకపోతే ఫోనో స్టేజిలో 20 హెర్ట్జ్ దగ్గర కోసే సబ్‌సోనిక్ ఫిల్టర్. 90 వేల ప్లాట్‌ఫామ్ పెట్టినా వంకర రికార్డు వంకర రికార్డే.

ఇప్పుడు అసలు గుమ్మనడం సంగతి. నేను మీ ఇల్లు చూడలేదు. మీరు పంపిన ఫొటోలో టర్న్‌టేబుల్ గది మూలలో ఉంది, సబ్ దానికి నాలుగడుగుల్లో ఉంది. నేనైతే మొదట అక్కడే వేలు పెడతాను. 15 అడుగుల పొడవుకి గది మొదటి రెజొనెన్స్ (గది తనంతట తాను గట్టిగా మోగే ఫ్రీక్వెన్సీ) సుమారు 38 హెర్ట్జ్, 12 అడుగుల వెడల్పుకి సుమారు 47. ఈ రెండిటికీ గాలి ఒత్తిడి గోడల దగ్గర ఎక్కువ, మూలలో రెండూ కలిసి ఇంకా ఎక్కువ. పొడుగు గోడ మధ్యలో 38 తాలూకు ఒత్తిడి దాదాపు ఉండదు. అంటే టర్న్‌టేబుల్‌ని ఆరేడు అడుగులు జరపడమే కొన్ని ఇళ్ళలో ర్యాక్ మార్చినదానికంటే ఎక్కువ పనిచేస్తుంది. గాలి గుండా వచ్చే అదురుని ఏ ప్లాట్‌ఫామూ ఆపలేదని గుర్తుపెట్టుకోండి. ప్లాట్‌ఫామ్ ఉండేది కింద, గాలి కొట్టేది పైన.

సబ్ కింద మెత్తటి ప్యాడ్ వేయండి. స్పీకర్ల కింద స్పైకులు ఉన్నాయన్నారు కదా. స్పైక్ అదురుని ఆపదు, ఒకవైపే పంపే కవాటంలా పనిచేయదు. కార్పెట్‌ని గుచ్చుకుని కింది గట్టి నేల మీద పెట్టె కదలకుండా నిలబడటానికి పుట్టిన వస్తువు అది. విట్రిఫైడ్ టైల్స్ మీద దాని ఫలితం గీతలు, ఇంకా కింది ఫ్లాట్ వాళ్ళ ఫిర్యాదు. స్పీకర్ల కింద మంచి రబ్బరు అడుగులు (కింద పెట్టే పాదాలు) పెట్టాలంటే ఐసోఅకౌస్టిక్స్ గాయా 3 రకం 32 కిలోల స్పీకర్ దాకా అంటారు, మీ 28కి సరిపోతుంది. అడుగులు కొనేటప్పుడు బరువు హద్దు చూడకుండా 'పెద్దది మంచిది' అని గాయా 1 కొనేవాళ్ళున్నారు. అది 100 కిలోల స్పీకర్‌కి. తక్కువ బరువు పెడితే రబ్బరు కుంగదు, కుంగకపోతే చెక్కముక్క పెట్టినట్టే.

ఈ కుంగడం అన్న మాట దగ్గర కాస్త ఆగుదాం, మొత్తం విషయమంతా ఇందులోనే ఉంది.

మిక్సీ కింద అమ్మలు మడత పెట్టిన గుడ్డ వేస్తారు. గట్టు మోగదు. అదే ఐసొలేషన్. గుడ్డ ఎంత కుంగిందో అంత పని. స్ప్రింగ్ అయినా, రబ్బరు అయినా, గాలి నింపిన ట్యూబ్ అయినా, బరువు పెట్టాక ఎన్ని మిల్లీమీటర్లు కుంగిందో కొలవండి. దాని వర్గమూలంతో 15.8ని భాగిస్తే దాని సహజ ఫ్రీక్వెన్సీ వస్తుంది. 1 మి.మీ. కుంగితే దాదాపు 16 హెర్ట్జ్. 2.5 మి.మీ. అయితే 10. 10 మి.మీ. అయితే 5. 28 మి.మీ. అయితే 3. ఆ ఫ్రీక్వెన్సీ దగ్గర అదురు తగ్గదు సరికదా పెరుగుతుంది. దానికి 1.4 రెట్లు దాటాకే తగ్గడం మొదలవుతుంది. మూడు రెట్ల దగ్గర, డ్యాంపింగ్ (ఊపుని అణిచే గుణం) తక్కువైతే, వచ్చిన అదురులో ఎనిమిదో వంతే పైకి పోతుంది. రబ్బరుకి ఈ లెక్క కొంచెం ఉదారంగా వస్తుంది, ఎందుకంటే కదిలేటప్పుడు రబ్బరు నిశ్చలంగా ఉన్నప్పటికంటే బిరుసు. అసలు ఫ్రీక్వెన్సీ ఇంకా పైన ఉంటుంది.

ఇప్పుడు షాపులో చూసే సగం అడుగులని ఈ కొలబద్దతో చూడండి. సోర్బోథేన్ (అదురు మింగే మెత్తటి రబ్బరు లాంటి పదార్థం) బిళ్ళ అర మిల్లీమీటరు కుంగితే 22 హెర్ట్జ్. అది 40 హెర్ట్జ్ బాస్‌ని కొంచెం ఆపుతుంది, 20 ప్రాంతంలో నేల అదురుని పెంచుతుంది. సోర్బోథేన్‌ని దూషించడం లేదు, దాని మందంలో 10 నుంచి 20 శాతం కుంగేలా బరువుకి తగ్గ ముక్క ఎంచుకుంటే బాగా పనిచేస్తుంది. చాలామంది నాలుగు బిళ్ళలు కొని ఏ బరువుకైనా పెట్టేస్తారు. ఇత్తడి కోన్లు, సెరామిక్ గోళీలు, గట్టి చెక్క దిమ్మెలు కుంగనే కుంగవు కాబట్టి అవి ఐసొలేషన్ కిందికే రావు. వాటివల్ల శబ్దం మారుతుందంటే మారవచ్చు, వాదించను. మారడం, మెరుగవడం ఒకటి కాదు.

కాబట్టి డీలర్‌ని ఒక్క ప్రశ్న అడగండి: 'ఎన్ని కిలోలు పెడితే ఈ ప్లాట్‌ఫామ్ ఫ్రీక్వెన్సీ ఎంత? నిలువుకెంత, అడ్డానికెంత?' జవాబు అంకెల్లో వస్తే మాట్లాడండి. 'వినండి సార్, స్టేజ్ ఎంత విప్పారిందో' అని వస్తే కాఫీ తాగి వచ్చేయండి.

ఖరీదైనవాటిలో నిజంగా పనిచేసేవి లేవా అంటే ఉన్నాయి. మైనస్ కె అని అమెరికా కంపెనీ ఒకటుంది, మైక్రోస్కోపుల కింద పెట్టే నెగటివ్ స్టిఫ్‌నెస్ మెకానిజం వాళ్ళది, అర హెర్ట్జ్ దాకా దిగుతుంది. మామూలు స్ప్రింగ్‌తో అర హెర్ట్జ్ కావాలంటే అది దాదాపు ఒక మీటరు కుంగాలి! అందుకే ఆ యంత్రానికి ఆ ధర. సెన్సర్లు పెట్టి అదురుకి ఎదురు తోసే యాక్టివ్ ప్లాట్‌ఫాములు కూడా నిజమైనవే. మీ ఇంటికి అవి అవసరమా అంటే కాదు. మీ నేల ఆర్‌సీసీ శ్లాబు.

ఇక్కడ ఒక తేడా చెప్పాలి. ఇంటర్నెట్‌లో మీరు చదివే సలహాల్లో ఎక్కువ భాగం చెక్క నేలల ఇళ్ళ నుంచి వస్తాయి. మా మేనల్లుడు న్యూజెర్సీలో ఉంటాడు. బేస్‌మెంట్ మీద చెక్క దూలాలు, వాటి మీద నేల. పిల్లలు హాల్లో నడిస్తే ముల్లు గాడి దాటేది. వాడు మూడు రకాల అడుగులు కొని, చివరికి టర్న్‌టేబుల్‌ని బేస్‌మెంట్ కాంక్రీటు మీదికి దింపాడు, అయిపోయింది. మన శ్లాబు మీద నడక అదురు అంత ఉండదు. మనకి వేరేవి ఉంటాయి. 1,000 ఆర్‌పీఎం దగ్గర పిండే వాషింగ్ మెషీన్ అంటే సుమారు 17 హెర్ట్జ్. లిఫ్ట్ గోడ. ఇంకోటి ఎవరూ ఆలోచించరు: కింది ఫ్లాట్ వాళ్ళ సీలింగ్ ఫ్యాన్ వేలాడేది మీ నేలకే. 350 ఆర్‌పీఎం అంటే 5.8 హెర్ట్జ్. రెక్క వంగిన ఫ్యాన్ అయితే, మీరు 5, 6 హెర్ట్జ్ స్ప్రింగ్ ప్లాట్‌ఫామ్ పెట్టారంటే అది రోజంతా మెల్లగా ఊయల ఊగుతుంది. స్నేహితుడి ఇంట్లో ఇది కనిపెట్టడానికి నాకు రెండు వారాలు పట్టింది. వేసవి వెళ్ళాక దానంతటదే తగ్గింది మరి, ఫ్యాన్ ఆపారు.

మీ టర్న్‌టేబుల్‌కి నేను మొదట చెప్పేది గోడ షెల్ఫ్. రెగా ప్లింత్ తేలికగా, బిరుసుగా ఉండేలా చేసింది, సుమారు 6 కిలోలు. తేలికైన, బిరుసైన గోడ షెల్ఫ్ దానికి చక్కగా కుదురుతుంది, ఆ కంపెనీ తన గోడ బ్రాకెట్ కూడా అమ్ముతుంది. కానీ గోడ ఏదో చూసుకోండి. డ్రిల్ వేస్తే తెల్లటి పొడి, వెన్నలో దిగినట్టు దిగితే ఏఏసీ బ్లాకు (గాలి బుడగలున్న తేలిక కాంక్రీటు ఇటుక). దానికి మామూలు ప్లాస్టిక్ ప్లగ్ పనికిరాదు, కెమికల్ యాంకర్ లేదా ఏఏసీ కోసం చేసిన ఫాస్టెనర్ కావాలి. ఎర్ర పొడి వస్తే ఇటుక. తొమ్మిదంగుళాల గోడ మంచిది, నాలుగున్నర అంగుళాల అడ్డగోడని అరచేత్తో కొడితే మోగుతుంది, వద్దు. బూడిదరంగు పొడి, డ్రిల్ ముందుకు పోనంటే కాంక్రీటు. కొత్త టవర్లలో మివాన్ షట్టరింగ్‌తో (అల్యూమినియం అచ్చుల్లో కాంక్రీటు పోసి) కట్టిన గోడలన్నీ ఇవే, మీదీ అదే అయితే అదృష్టవంతులు. లిఫ్ట్ పక్క గోడ, బాత్‌రూమ్ పంపు గోడ వదిలేయండి. కరెంటు పైపు ఎక్కడుందో చూసుకుని వేయండి. స్పీకర్ల వెనక గోడకి బిగించకండి, గది మూలకి అసలే వద్దు.

గోడ కుదరకపోతే ర్యాక్. రకరకాల పేర్లు చూసి బెదరక్కర్లేదు. పైఅంచున ఒక వేలితో పక్కకి తోయండి. ఊగి ఆగడానికి సమయం తీసుకుంటే, ఎంత ఖరీదైనా వదిలేయండి. పొట్టిగా, వెడల్పుగా, వెనక అడ్డకట్టు ఉన్నది ఎంచుకోండి. రెండు అరల కంటే పైన టర్న్‌టేబుల్ వద్దు. ఐదు అరల టవర్ ఫొటోల్లో బాగుంటుంది.

నా తప్పు ఒకటి చెప్పాలి ఇక్కడ. పదిహేనేళ్ళ కిందట నాలుగు సన్నటి స్టీలు కాళ్ళ ర్యాక్ ఒకటుండేది. 'బరువు పెంచితే కదలదు' అనుకుని రెండడుగులకి అడుగున్నర 20 మి.మీ. గ్రానైట్ పలక కోయించి పైన పెట్టాను. దాదాపు 15 కిలోలు. ఉద్యోగంలో రోజూ చూసే లెక్కే, ఇంట్లో మర్చిపోయాను. కాళ్ళ బిరుసు అంతే ఉండి బరువు పెరిగితే పక్కకి ఊగే ఫ్రీక్వెన్సీ కిందికి దిగుతుంది. సరిగ్గా 9 హెర్ట్జ్ ప్రాంతానికి, టోన్‌ఆర్మ్ ఒళ్ళోకి దిగింది. ముందున్న గొడవ రెట్టింపైంది. పైగా గ్రానైట్ గంటలా మోగుతుంది, వేలితో కొట్టి చూడండి. కడప రాయి కూడా అంతే. ఆ పలక ఇప్పుడు మా వంటింట్లో చపాతీలు ఒత్తడానికి పనికొస్తోంది.

తేలికైన బిరుసు పలక కావాలంటే 18 మి.మీ. మెరైన్ ప్లైవుడ్ చాలు. ఐకియా ల్యాక్ బల్ల కూడా చాలా దేశాల్లో రికార్డు వాళ్ళు వాడతారు. లోపల కాగితపు తేనెపట్టు ఉంటుంది కాబట్టి తేలిక, మోగదు. వాళ్ళ హైదరాబాద్ షాపు 2018లో తెరిచారు, మీకు దగ్గరే.

ఇవన్నీ చేశాక కూడా నేల నుంచి ఏదో వస్తోందని కొట్టుడు పరీక్షలో తేలితే, అప్పుడు స్ప్రింగులు. 6 కిలోల టర్న్‌టేబుల్‌ని నేరుగా పెట్టకండి, ముట్టుకుంటే ఊగుతుంది. 6 కిలోల ప్లై పలక కలపండి, మొత్తం 12. నాలుగు స్ప్రింగులకి తలా 3 కిలోలు. 4 హెర్ట్జ్ కావాలంటే 15.5 మి.మీ. కుంగాలి, అంటే 10 మి.మీ. కుంగడానికి సుమారు 1.9 కిలోలు పట్టే స్ప్రింగు. స్ప్రింగులు చేసే చిన్న వర్క్‌షాపులు బాలానగర్ వైపు అడిగితే దొరుకుతాయి, ఈ అంకె చెబితే చాలు. మోటారు, ఆర్మ్ ఒకవైపు ఉంటాయి కాబట్టి నాలుగు మూలల్లో బరువు సమానంగా పడదు. వంటింటి తూకం మీద ఒక్కో మూల పెట్టి చూసి స్ప్రింగుల్ని జరపండి. స్ప్రింగు చుట్టూ మెత్తటి ఫోమ్ చుడితే ఊగులాట త్వరగా ఆగుతుంది.

ఒక జాగ్రత్త: ఎప్పుడైనా లిన్ ఎల్‌పీ12, పాత థోరెన్స్ టీడీ 160 లాంటి టర్న్‌టేబుళ్ళు కొంటే ఈ స్ప్రింగులు తీసేయండి. వాటిలో ప్లేటర్ (రికార్డు తిరిగే పళ్ళెం), ఆర్మ్ కలిపి లోపలే మూడు స్ప్రింగుల మీద వేలాడుతుంటాయి. 1961లో ఎడ్గార్ విల్చర్ ఏఆర్ టర్న్‌టేబుల్‌తో పేరు తెచ్చిన పద్ధతి అది. స్ప్రింగు మీద స్ప్రింగు పెడితే రెండూ ఒకదాన్నొకటి ఆడిస్తాయి. వాటికి తేలికైన గట్టి బల్లే కావాలి.

మిగతా డబ్బాల గురించి అడిగారు. డాక్, స్ట్రీమర్, ట్రాన్సిస్టర్ ఆంప్‌కి గాలి ఆడే గట్టి అర చాలు. క్వార్ట్జ్ క్రిస్టల్ అదురుకి స్పందిస్తుంది, నిజమే. కానీ ఒక జీ (భూమ్యాకర్షణ అంత) త్వరణానికి వందకోట్లలో ఒక వంతు ప్రాంతం మార్పు అది, మీ అర మీద ఒక జీ ఎప్పుడూ రాదు. మా అమ్మాయి చేత నాకు చెప్పకుండా అడుగులు మార్పించి పదిసార్లు విన్నాను, ఐదే సరిగ్గా చెప్పాను. బొమ్మా బొరుసూ వేసినా అంతే వచ్చేది. ట్యూబ్ ప్రీఆంప్ మాత్రం వేరు. వాల్యూమ్ మామూలుగా ఉంచి పెన్సిల్ రబ్బరు కొసతో ట్యూబ్‌ని తట్టండి. టింగ్‌మని గంటలా సాగితే ఆ ట్యూబ్ మార్చండి. కొద్దిగానే అంటే వేడికి ఆగే సిలికాన్ రింగు తొడిగి, డబ్బా కింద మెత్తటి అడుగులు పెట్టండి. మొదటి స్టేజి ట్యూబ్‌నే ముందు చూడండి, అక్కడి చప్పుడే ఎక్కువ పెరుగుతుంది.

ముందు హెడ్‌ఫోన్ పరీక్ష చేసి, సబ్‌ని జరిపి, మూత తీసి, ఉబ్బు ఎంత తగ్గిందో రాయండి. కార్ట్రిడ్జ్ పేరు మీరు రాయలేదు, అదీ చెప్పండి. గోడ డ్రిల్ పొడి రంగు కూడా.